డెక్ మీద బోల్టు, పడక మీద చుక్క: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ: తెరచాప పడవలో పైనుంచి నీళ్లు కారుతున్నాయి, ఏం పూయాలి అని. పడవలతో పరిచయం లేనివాళ్లకి ఒక్క మాట చెప్పి మొదలుపెడతాను. డెక్ మీద, అంటే మనం నడిచే పడవ పైభాగం మీద, కనిపించే ప్రతి సామానూ, అంటే తాడు కట్టే క్లీట్, తాడు బిగించే వించ్, అంచున తీగల రెయిలింగ్‌ని నిలబెట్టే స్టాంచన్ కడ్డీ, ఇవన్నీ డెక్‌కి కన్నం పెట్టి బోల్టులతో బిగించినవే. ముప్ఫై అడుగుల పడవకి అలాంటి కన్నాలు వందల్లో ఉంటాయి. సామానుకీ డెక్‌కీ మధ్య నీళ్లు దూరకుండా వేసే సాగే పొరని బెడ్డింగ్ అంటారు. ఆ పొర ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది, అప్పటి నుంచీ కథ మొదలు.

ప్రశ్న: అమెరికాలో అనాపొలిస్ దగ్గర 1984 నాటి 30 అడుగుల పడవ కొన్నాం. వాన పడితే చాలు, కుడివైపు పడక మీద చుక్కలు. సరిగ్గా దానికి పైనే ఒక స్టాంచన్ ఉంది. దాని చుట్టూ రెండుసార్లు సిలికాన్ పూశాను. ఒక నెల బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. మా ఆవిడ ఇక పడవలో రాత్రి పడుకోనంటోంది. ఏ ట్యూబు కొనమంటారు?

జవాబు: ట్యూబు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ స్టాంచన్ విప్పండి. చుట్టూ పూయడమంటే పుండు శుభ్రం చేయకుండా పైన పట్టీ వేయడమే, పైగా అప్పటికే లోపలికి దిగిన నీళ్లని బయటికి రాకుండా మీరే మూతపెట్టినట్టు అవుతుంది.

ఎందుకంటే మీ డెక్ ఒకే దిమ్మ కాదు. ఆ కాలపు పడవల్లో చాలా వాటికి పైన ఒక పలచటి ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఇంకో పొర, రెండిటి మధ్య బల్సా చెక్క ముక్కలు ఉంటాయి. చెరకు గడని అడ్డంగా కోస్తే కనపడే నాళాల్లాగా ఆ చెక్క నాళాలు పైకీ కిందికీ నిలబడి ఉండేలా పేరుస్తారు. పొడిగా ఉన్నన్నాళ్లు దాన్ని మించింది లేదు, బరువు తక్కువ, బిగువు ఎక్కువ. కానీ బోల్టు కన్నం అంచున ఆ చెక్క బయటపడి ఉంటుంది. బెడ్డింగ్ ఎక్కడైనా ఒక వెంట్రుకంత వదిలితే నీళ్లు ముందు చెక్కలోకి పోతాయి, ఆ తర్వాతే మీ పడక మీదికి. ముక్కకీ ముక్కకీ మధ్య ఉండే కోతల్లో రెజిన్ (ఫైబర్‌గ్లాస్‌ని గట్టిపరిచే జిగురు) నిండకపోతే పొలంలో బోదెల వెంట పారినట్టు నీళ్లు ఆ గాళ్ల వెంట దూరదూరాలకి పాకుతాయి. మీ దగ్గర చలికాలంలో గడ్డకడుతుంది కూడా, నీరు మంచైతే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి పొరలు చెక్క నుంచి విడిపోతాయి. అంటే పడక మీద చుక్క పడిందంటే రోగం మొదలై అప్పటికే చాలా రోజులైంది.

నా మొదటి పడవ 27 అడుగులది. అమ్మినాయన డెక్ గట్టిగా ఉందన్నాడు, నేనూ నమ్మాను. స్టాంచన్ నాలుగు బోల్టులు విప్పితే మూడు కన్నాలు పొడిగానే ఉన్నాయి, నాలుగో దాంట్లోంచి పలచటి డికాక్షన్ రంగు నీళ్లు వచ్చాయి, తడిసిన గోనెసంచి వాసన. చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తే పాలలో నానిన బ్రెడ్డులోకి దిగినట్టు దిగిపోయింది. అరచేతి వెడల్పున చెక్కంతా పోయింది. ఒక్క కన్నం, దాని చుట్టూ ఎవరో ఎప్పుడో పూసిన తెల్లటి సిలికాన్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. అప్పటి నుంచి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: పని కన్నంలో ఉంది, ట్యూబులో లేదు.

ఇప్పుడు ఆ పని ఎలాగో చెప్తాను. సామాను తీసేసి పాత పూత మొత్తం ప్లాస్టిక్ గీకుడు బద్దతో తీయండి. ఒక మేకు తల నరికేసి, కొన దగ్గర ఒక సెంటీమీటరు పైచిలుకు తొంభై డిగ్రీలు వంచండి, దాన్ని డ్రిల్లుకి బిగించి కన్నంలో దించి నెమ్మదిగా తిప్పండి. వేగంగా తిప్పొద్దు, మేకు ఎగిరొస్తే కళ్లకి ప్రమాదం, అద్దాలు పెట్టుకోండి. పై పొరలో కన్నం చిన్నగానే ఉంటుంది, లోపల మాత్రం చెక్క గుండ్రంగా ఒక సెంటీమీటరు మేర పొడైపోయి బయటికొస్తుంది. ఆ పొడి లేత గోధుమరంగులో పొడిపొడిగా వస్తే మీ అదృష్టం. నల్లగా ముద్దగా వస్తే మంచి చెక్క తగిలేదాకా తీస్తూ పోవాలి, తడి ఉంటే పడవ మీద టార్పాలిన్ కప్పి వారాల తరబడి ఆరనివ్వాలి. తొందరపడి తడి చెక్క మీద ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పోస్తే అది పట్టుకోదు.

ఆరాక కింది కన్నానికి టేపు అంటించి, ముందు పలచటి ఎపాక్సీ కొంచెం పోయండి, చెక్క తాగినంత తాగనివ్వండి. పది నిమిషాలాగి మిగిలింది బయటికి లాగేసి, అదే ఎపాక్సీలో సిలికా పొడి కలిపి గట్టి పెరుగులా చేసి సిరంజితో అడుగు నుంచి పైకి నింపండి, పైనుంచి పోస్తే గాలి బుడగ లోపల ఇరుక్కుంటుంది. కొలతలో తేడా రాకూడదు. వెస్ట్ సిస్టమ్ కంపెనీ ఎపాక్సీ వాడితే 105 రెజిన్‌కి 205 గానీ 206 గానీ హార్డెనర్ అయిదుకి ఒకటి, 207 అయితే మూడుకి ఒకటి. ఒకేసారి పెద్ద డబ్బాలో కలపొద్దు, నేను ఒకసారి అరలీటరు కలిపితే అది వేడెక్కి పొగలు కక్కింది, ప్లాస్టిక్ గిన్నె మెత్తబడిపోయింది. కొంచెం కొంచెంగా కలుపుకోండి. ఒక రోజు ఆగాక పైన జిడ్డులా ఒక పొర తేలుతుంది, దాన్ని నీళ్లతో, పీచుతో కడిగేయండి, లేదంటే దాని మీద ఏదీ అంటుకోదు.

ఇప్పుడు ఆ గట్టి ఎపాక్సీ మధ్యలో బోల్టుకి సరిపడా కన్నం మళ్లీ వేయండి. అప్పుడు నీళ్లు దిగినా ఎపాక్సీ గోడే తగులుతుంది, చెక్క తగలదు. పైన కన్నం మూతిని కౌంటర్‌సింక్ బిట్‌తో గిన్నెలా రెండు మూడు మిల్లీమీటర్లు వాలుగా కోయండి. చాలామంది వదిలేసే పని ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది కూడా ఇదే. ఎందుకంటే సామాను కింద బల్లపరుపుగా ఉన్న చోట సీలెంట్, అంటే నీళ్లు దూరకుండా బెడ్డింగ్‌గా వేసే సాగే బంక, అంతా బిగింపుకి బయటికి పోయి కాగితమంత మిగులుతుంది, ఈ చిన్న గిన్నెలో మాత్రం బోల్టు మెడ చుట్టూ రబ్బరు ఉంగరంలా నిలబడుతుంది. పడవ కదిలినప్పుడు సాగేది ఆ ఉంగరమే.

బిగించేటప్పుడు ఇద్దరు కావాలి. మీ ఆవిడని పైన స్క్రూడ్రైవర్‌తో బోల్టు తల కదలకుండా పట్టుకోమనండి, మీరు కింద నట్టు తిప్పండి. బోల్టు తిరిగిందంటే దాని మెడ చుట్టూ ఉన్న సీలెంట్ తెగినట్టే. ఇంకో సంగతి, స్టాంచన్ అరవై సెంటీమీటర్ల ఎత్తు, దాని పాదంలో బోల్టుల మధ్య దూరం ఏడెనిమిది సెంటీమీటర్లే, కాబట్టి ఒడ్డు నుంచి ఎక్కేవాళ్లు పైకొస పట్టుకుని లాగితే ఆ బలం అడుగున బోల్టు మీద దాదాపు ఎనిమిది రెట్లు పడుతుంది. రూపాయి బిళ్లంత వాషర్లు దానికి చాలవు. కింద ఆరు మిల్లీమీటర్ల జీ10 ఫైబర్ పలకో అల్యూమినియం పలకో పాదం కన్నా పెద్దది వేసి దాని మీద నట్టు బిగించండి. వచ్చే చుట్టాలకి కూడా చెప్పండి, ఎక్కేటప్పుడు స్టాంచన్ పట్టుకోవద్దని, తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఇనుప తీగని పట్టుకోమని. ఇక ట్యూబు గురించి కింది ఉత్తరంలో చెప్తున్నాను.

ప్రశ్న: హార్బర్‌లో పక్క పడవాళ్లు దేనికైనా 5200 పూసేయ్, జన్మలో కారదు అంటున్నారు. నిజమేనా? సిలికాన్, 4200, బ్యూటిల్ టేపు, ఇన్ని రకాలు ఎందుకు? (హ్యూస్టన్)

జవాబు: 5200 అంటే 3ఎం కంపెనీ ట్యూబుల్లో అమ్మే పాలీయురెథేన్, అది సీలెంట్ కన్నా ముందు జిగురు. పూర్తిగా గట్టిపడటానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది, పట్టిందంటే మాత్రం సామాను ఊడే ముందు డెక్ పై పొర ఊడుతుంది. ఎప్పటికీ విప్పని చోట వాడొచ్చు. కానీ డెక్ మీద ఎప్పటికీ విప్పనిది ఏముంది చెప్పండి? ఇవాళ కాకపోతే పదేళ్లకి ఎవరో ఒకరు ఆ వించ్ తీయాలి, అది మీరే కావచ్చు.

అదే పాలీయురెథేన్ జాతిలో 4200, సికాఫ్లెక్స్ 291 లాంటివి కాస్త మెత్తన, కష్టపడితే ఊడతాయి. ఇవి గాలిలో తేమ తాగి గట్టిపడతాయి, కాబట్టి మరీ పొడి చలిలో నెమ్మది. వీటితో ఒక జాగ్రత్త ఉంది, పూసే ముందు గానీ పూసిన వెంటనే గానీ ఆల్కహాల్‌తో తుడవొద్దు, ఆల్కహాల్ తగిలిన పాలీయురెథేన్ సరిగా గట్టిపడక బంకగానే ఉండిపోతుంది. పాలీసల్ఫైడ్ పాతకాలపు మందు, టేకు చెక్క మీద, లోహం మీద చాలా ఏళ్లు నిలుస్తుంది, కానీ యాక్రిలిక్, పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్‌లని తినేస్తుంది. సిలికాన్ గురించి నాకు ఒక్కటే ఫిర్యాదు, అది ఊడిపోయాక కూడా కంటికి కనపడని నూనె పొర వదిలిపోతుంది, దాని మీద ఇంకే సీలెంటూ పట్టదు, రంగు పట్టదు, ఆఖరికి కొత్త సిలికాన్ కూడా సరిగా పట్టదు. డెక్ మీద బోల్టు వేసే సామానుకి నేను సిలికాన్ వాడను.

నీటి మట్టానికి పైన ఉండే, బోల్టులతో బిగించే లోహపు సామాను దేనికైనా నా ఓటు బ్యూటిల్ టేపుకే. అది ఎండదు, గట్టిపడదు, చూయింగ్ గమ్‌లా సాగుతూనే ఉంటుంది, విప్పాలనుకున్న రోజు విప్పుకోవచ్చు. నీటి మట్టానికి కింద మాత్రం వద్దు, అక్కడ పాలీయురెథేనే. పెట్రోల్, డీజిల్ తగిలే చోటా బ్యూటిల్ వద్దు, కరిగిపోతుంది, కాబట్టి ఇంధనం పోసే మూతి దగ్గర వేయకండి.

ప్రశ్న: మీరు చెప్పిన బ్యూటిల్ టేపే వేశాను. మూడు రోజులైనా అంచుల నుంచి నల్లగా బయటికొస్తూనే ఉంది. తప్పు చేశానా? (న్యూజెర్సీ)

జవాబు: లేదు, టెన్షన్ పడకండి, దాని స్వభావమే అది. ఒక్కసారి బలంగా బిగించి వదిలేసే వస్తువు కాదు. బిగించి అది మెల్లగా బయటికి పొంగేదాకా అరగంట ఆగండి, మళ్లీ నట్టుని పావు చుట్టు తిప్పండి, మర్నాడు ఇంకోసారి, ఆ పైన ఒక ఎండ పూట ఇంకోసారి. ఇక పొంగడం ఆగిందంటే అయిపోయినట్టు, అప్పుడు అంచున ప్లాస్టిక్ బద్దతో కోసేయండి. చలిలో అది మొండిగా ఉంటుంది, బలవంతంగా బిగిస్తే సామాను వంగుతుంది, కాబట్టి చలికాలం అయితే టేపు చుట్టని కాసేపు చొక్కా లోపల పెట్టుకుని వెచ్చబెట్టండి. బోల్టు తల కింద మెడ చుట్టూ చిన్న శంకువులా చుట్టారా? అది మర్చిపోతే మాత్రం మళ్లీ విప్పాల్సిందే.

ప్రశ్న: మాది సియాటిల్. ఇక్కడ వాన ఆగదు, పడవలో ఎక్కడో కారుతోంది. కింద తడి కనిపించిన చోట పైన ఏ సామానూ లేదు. వెతికి వెతికి విసిగిపోయాం.

జవాబు: చుక్క పడిన చోటికీ కన్నానికీ సంబంధం లేకపోవడం మామూలే. నీళ్లు పొరల మధ్య, లోపలి సీలింగ్ పలక మీద, కరెంటు వైర్ల వెంట ప్రయాణం చేసి ఎక్కడ పల్లం దొరికితే అక్కడ దిగుతాయి. ముందు లోపల కనపడే ప్రతి నట్టు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి వాన రాత్రి వదిలేయండి, పొద్దున ఏది తడిసిందో చూడండి. సగం కేసులు ఇక్కడే తేలతాయి.

తేలకపోతే గాలి పద్ధతి ఉంది. ఆకులు ఊదే కరెంటు బ్లోయర్ ఒకటి తెచ్చుకోండి, పెట్రోల్‌ది వద్దు, పొగ లోపల నిండుతుంది. కిటికీలు, గాలి గొట్టాలు, అన్నీ టేపుతో మూసి, ఒక్క తలుపు దగ్గర అట్టముక్కకి కన్నం చేసి దాంట్లోంచి గాలి లోపలికి ఊదండి. తక్కువ వేగం చాలు, లోపల కొంచెం ఒత్తిడి ఉంటే సరిపోతుంది. ఇప్పుడు ఒకరు డెక్ మీద సబ్బునీళ్లు చల్లుకుంటూ వెళ్లండి. గాలి తప్పించుకునే చోట సన్నటి నురగ పుట్టి పెరుగుతుంది. క్లీట్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూస్తుంటే ఆవగింజలంత బుడగలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వస్తాయి, ఏళ్ల తరబడి వేధించిన కన్నం అదే. నీళ్ల పైపుతో కూడా వెతకొచ్చు, కానీ అప్పుడు కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, పైనుంచి మొదలుపెడితే అంతా ఒకేసారి తడిసి ఏది కారిందో తెలియదు.

ప్రశ్న: అన్నా, మాది విశాఖ జాలరిపేట. మా ఫైబర్ బోటుకి వెనక పలక మీద ఇంజను బోల్టులు వేసిన చోట నీళ్లు ఉబుకుతున్నాయి. ఎంసీల్ పెట్టాం, రెండు వారాలకి పగిలింది. తెరచాప పడవ కాకపోయినా జవాబు చెప్తారా?

జవాబు: తప్పకుండా చెప్తాను తమ్ముడూ, రోగం ఒకటే. మీ వెనక పలక లోపల చాలావరకు ప్లైవుడ్ ఉంటుంది, పైన ఫైబర్ కప్పు. ఎంసీల్ రాయిలా గట్టిపడుతుంది, ఇంజను అదురుతుంటే పలక కొంచెం కొంచెం ఆడుతుంది, ఆడే చోట రాయి నిలవదు. సాగేది కావాలి.

మీ తాతల నాటి చెక్క నావకి పలకల సందుల్లో పీచో దూదో కొట్టి గుగ్గిలం పట్టించేవాళ్లు కదా, నీళ్లలోకి దింపాక చెక్క ఉబ్బి సందుని తనే బిగించుకునేది. అక్కడ ఉబ్బడం మేలు చేసింది. ఫైబర్ లోపల ఇరుక్కున్న ప్లైవుడ్ ఉబ్బితే పై కప్పుని చీలుస్తుంది, అందుకే చెక్కకి నీళ్లు తగలనివ్వకూడదు. ఇంజను దించి బోల్టు కన్నంలో మేకుతో గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే కన్నం పెద్దది చేసి, బాగా ఆరబెట్టి, ఎపాక్సీ నింపి, దాని మధ్యలో మళ్లీ కన్నం వేయండి. మన ఎండలో ఎపాక్సీ చాలా తొందరగా వేడెక్కి గట్టిపడుతుంది, పొద్దున్నే నీడలో, కొద్దికొద్దిగా, నిదానంగా గట్టిపడే హార్డెనర్‌తో కలపండి. బోల్టు చుట్టూ మాత్రం పాలీయురెథేన్ సీలెంట్ వేయండి, భవనాల పనికి వాడే రకం పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో గన్నుకి పట్టే గొట్టాల్లో దొరుకుతుంది. అది గట్టిపడటానికి వారం రోజులు ఇవ్వండి. వేట మానేసి వారం కూర్చోవడం మీకు ఎంత కష్టమో నాకు తెలుసు, వేట నిషేధం రోజుల్లో ఈ పని పెట్టుకుంటే నష్టం ఉండదు. మేకు మెత్తగా దిగిపోతే మాత్రం ఈ మందులేవీ వద్దు, ఆ ప్లైవుడ్ మార్పించండి. ఇంజను నడిసముద్రంలో పలకతో సహా ఊడొచ్చేది అలాంటి బోటుకే.

ప్రశ్న: ఇదంతా చదివాక భయమేస్తోంది. లోపల చెక్క ఉన్న పడవ అసలు కొనకూడదా? (డాలస్)

జవాబు: కొనొచ్చు. చెక్క తప్పేమీ లేదు. 1977 నుంచి వస్తున్న జే24 అనే చిన్న పందెపు తెరచాప పడవలు 5,000 పైగా కట్టారు, వాటి డెక్, అడుగు రెండూ బల్సా మధ్యలో పెట్టి కట్టినవే, ఈనాటికీ పందేల్లో పాల్గొంటున్నాయి. మన నౌకాదళం వాళ్ల తారిణి కూడా చెక్క మధ్యలో పెట్టి ఫైబర్‌గ్లాస్ కప్పిన పడవే. 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చింది, ఆరుగురు ఆడవాళ్లు భూమి చుట్టూ తిప్పుకొచ్చారు, అందులో హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి ఉన్నారు. దక్షిణ మహాసముద్రంలో అలలు మీద పడుతుంటే ఆ డెక్ ఎంత తడిసి ఉంటుందో ఊహించండి. చెక్కని పొడిగా ఉంచితే అది అంత పనీ చేస్తుంది.

కొనే ముందు స్క్రూడ్రైవర్ పిడితో గానీ ప్లాస్టిక్ సుత్తితో గానీ డెక్ అంతా జానెడు జానెడుకీ తట్టుకుంటూ వెళ్లండి. కొబ్బరికాయ తట్టి చూసినట్టే, గట్టి చోట టక్ టక్ అని స్పష్టంగా పలుకుతుంది, కుళ్లిన చోట దబ్ దబ్ అంటుంది. సామాను చుట్టూ, స్తంభం పాదం చుట్టూ ఎక్కువ తట్టండి. ఒకటి రెండు చోట్ల దబ్‌మంటే ధర తగ్గించి కొనుక్కుని మీరే బాగుచేసుకోవచ్చు, నడుస్తుంటే కాలి కింద డెక్ దిగుతుంటే మాత్రం ఆ పడవ వదిలేయండి.

ప్రశ్న: స్తంభాన్ని పట్టి ఉంచే తీగలని డెక్‌లోంచి కిందికి దిగి పడవకి కట్టి ఉంచే లోహపు పట్టీ, అదే చైన్‌ప్లేట్, దాని దగ్గర లోపల గోడ మీద తుప్పు చార కనిపిస్తోంది. నీళ్లు కొంచెమే, రోజుకి రెండు మూడు చుక్కలు. వచ్చే ఏడాది చూసుకోవచ్చా? (బోస్టన్)

జవాబు: వద్దు, ఈ ఏడాదే చూడండి. వచ్చిన ఉత్తరాలన్నిట్లో నన్ను కలవరపెట్టింది మీదే. పడక తడిస్తే పరుపు ఆరేసుకోవచ్చు, చైన్‌ప్లేట్ తెగితే స్తంభం కూలుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టదని అనుకుంటాం. దాని పైన కంటికి కనపడని క్రోమియం ఆక్సైడ్ పొర ఉంటుంది, ఆ పొర గాలిలో ఆక్సిజన్ అందుతున్నంత కాలం తనని తానే బాగుచేసుకుంటుంది. డెక్ మందంలో, పాత సీలెంట్ మధ్యలో, ఉప్పునీళ్ల తడిలో గాలి ఆడదు. అక్కడ పొర పోయి సన్నటి గుంటలు పడతాయి, గుంటల నుంచి పగుళ్లు పుడతాయి. పైన మెరుస్తూ ఉంటుంది, కింద మెరుస్తూ ఉంటుంది, డెక్ మందం ఉన్న ఆ రెండు మూడు సెంటీమీటర్లలోనే సగం తెగి ఉండొచ్చు. బయటికి లాగితే తప్ప తెలియదు. ఒక్కోదాన్ని తీయండి, తీసేముందు ఆ తీగ మోసే బరువుని వేరే తాడుతో స్తంభం నుంచి డెక్‌కి కట్టడం మర్చిపోవద్దు. శుభ్రంగా రుద్ది భూతద్దంతో చూడండి, పగుళ్లు చూపించే ఎర్ర రంగు ద్రవం వెల్డింగ్ షాపుల్లో దొరుకుతుంది, అది కూడా వాడండి. గీతంత పగులు కనిపించినా కొత్తది చేయించండి, రుద్ది మళ్లీ పెట్టకండి.

పెట్టేటప్పుడు డెక్‌లో ఆ గాడిని కూడా బోల్టు కన్నంలాగే చెక్క తీసి ఎపాక్సీతో నింపి కోయండి. చైన్‌ప్లేట్ తీగ లాగినప్పుడల్లా కొంచెం ఆడుతుంది కాబట్టి గాడి మూతి వెడల్పుగా, వాలుగా ఉండాలి, అందులో సీలెంట్ దండిగా నిలవాలి, పైన మూతపలక బిగించాలి. ఎంత బాగా చేసినా ఇది కొన్నేళ్లకి మళ్లీ కారే చోటే, ఏడాదికోసారి లోపల వేలితో తడిమి చూసుకోండి.

ప్రశ్న: కిటికీకి కొత్త యాక్రిలిక్ పలక వేసి మరలు గట్టిగా బిగించాం. వేసవి రాగానే కన్నాల దగ్గర పగుళ్లు. పలక నాసిరకమా? (టాంపా)

జవాబు: పలక మంచిదే అయ్యుంటుంది, దానికి చోటివ్వలేదు. మీటరు పొడవు యాక్రిలిక్ నలభై డిగ్రీల తేడాకి దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది, ఫైబర్‌గ్లాస్ అంత సాగదు. మర కన్నం బిగుతుగా ఉంటే పలక ఎటూ కదల్లేక అక్కడే చిట్లుతుంది. కన్నాలు మర కన్నా పెద్దవిగా వేయండి, సీలెంట్ మందంగా ఉండనివ్వండి, మరలు పలకని పట్టుకుంటే చాలు, నొక్కకూడదు. అసిటోన్‌తో తుడిచారా? తుడిస్తే యాక్రిలిక్‌లో సన్నటి చీలికలు దానివల్లా వస్తాయి, సబ్బునీళ్లు వాడండి. డెక్ మీద సామానుకి సిలికాన్ వద్దన్నాను గానీ, ప్లాస్టిక్ కిటికీకి మాత్రం దాని కోసమే తయారైన సిలికాన్ రకాలు బాగా పనిచేస్తాయి.

ప్రశ్న: మా వించ్ కింద పాత ఓనర్ 5200 పూశాడు. బోల్టులు తీసేసినా వించ్ కదలడం లేదు. గడ్డపార పెట్టి లేపమంటారా? (శాన్ డియాగో)

జవాబు: గడ్డపార పెడితే వించ్‌తో పాటు డెక్ పై పొర లేస్తుంది, దయచేసి వద్దు. సన్నటి స్టీలు తీగ, గిటార్ తీగ లాంటిది తీసుకుని రెండు కొసలకి చెక్క ముక్కలు కట్టండి. వించ్ పాదాన్ని హీట్ గన్‌తో వేడిచేయండి, డెక్ మీద చేయి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడే, అంతకన్నా ఎక్కువైతే ఫైబర్‌గ్లాస్ పాడవుతుంది. వేడికి సీలెంట్ మెత్తబడుతుంది. తీగని పాదం కింద దూర్చి ఇద్దరు చెరోవైపు పట్టుకుని రంపంలా లాగండి, మధ్యమధ్యలో మళ్లీ వేడిచేయండి. కొంచెం తెగాక ఆ సందులో ప్లాస్టిక్ చీలలు దూర్చి పెడుతూ పోండి, లోహపు చీలలు వద్దు. తీగ ఒకటి రెండుసార్లు తెగుతుంది, నాలుగైదు దగ్గర పెట్టుకోండి. తొందరపడకుండా చేస్తే ఒక పూటలో వదులుతుంది, వదిలాక కన్నాలు ఎలా ఉన్నాయో రాయండి, చెక్క రంగు ఎలా ఉందో కూడా.